ఆరువందల కిలోల బండి కోసం విశాఖలో నాలుగు రోజులు

విశాఖపట్నం వెళ్లొచ్చానని చెప్పగానే మా స్టాఫ్‌రూంలో అందరూ సముద్రం గురించే అడిగారు. సముద్రాన్ని నేను గంటసేపు చూశాను. గాజువాక దగ్గర పాత ఇనుము లారీలని తూచే కాటా దగ్గర మాత్రం పూటలకు పూటలు నిలబడ్డాను. సముద్రం గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి కాటా సంగతి నేను చెబుతాను.

ముందు నా గొడవ. విజయవాడలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. నలభై ఆరేళ్లు. రెండేళ్ల కిందట నాకో పిచ్చి పట్టుకుంది. కోయంబత్తూరు దగ్గర కార్లు వేగంగా తోలుకోవడానికే కట్టిన ట్రాక్ ఒకటుంది. మాలాంటివాళ్లం కొందరం కలిసి దాన్ని రోజంతా అద్దెకి తీసుకుని, ఎవరి బండి వాళ్లం తోలుకుంటాం. బహుమతులేం ఉండవు. పోయినసారి ఇంటి కారుతోనే వెళ్లాను. పెద్ద పెద్ద ఇంజన్ల బండ్లు వెనక నుంచి మీదకొస్తుంటే పక్కకి తప్పుకోవడంతోనే నా రోజు గడిచిపోయింది. అందులోనే తేలిక బండ్ల జట్టు ఒకటుంది. మనిషితో కలిపి ఆరువందల కిలోలు మించకూడదు. అన్నీ చిన్న ఇంజన్లే, మలుపు బాగా తిప్పినవాళ్లదే ముందు వరస. ఆ జట్టులో చేరాలని నాకు ఎంత కోరికంటే, ఆరు నెలలు రాత్రిపూట అన్నం మానేసి జొన్నరొట్టె నమిలాను.

అలాంటి బండి చివరికి ఒక ప్రకటనలో కనబడింది. ఇద్దరు కూర్చునే స్పోర్ట్స్ కారు, ఇంట్లో కట్టింది, ఫైబర్ బాడీ, ఒకే ఓనరు, బరువు అర టన్ను. నా బరువు డెబ్భై రెండు. కూడితే ఐదువందల డెబ్భై రెండు. వెంటనే బయానా పంపించి, పది రోజులకి రైలెక్కాను. మావారు రానన్నారు. ఆయనకి కారెక్కితే కళ్లు తిరుగుతాయి.

ద్వారకా నగర్

నేను దిగిన లాడ్జి ద్వారకా నగర్‌లో ఉంది. చుట్టూ కోచింగ్ సెంటర్లే. సెలవు పెట్టి వచ్చానన్న సంతోషం టిఫిన్ దగ్గరే పోయింది. పక్క బల్ల దగ్గర ఇద్దరు పిల్లలు సంభావ్యత లెక్క ఒకటి పూర్తిగా తప్పు చేసుకుంటున్నారు. ఉండబట్టలేక లేచి వెళ్లి సరిదిద్దాను. ఇడ్లీ ప్లేటు నలభై రూపాయలు, అల్లం పచ్చడిలో బెల్లం బాగా వేశారు. మా వైపు అలా చేస్తే హోటల్‌వాడు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

ఉక్కునగరానికి ఆటోవాడు ఆరువందలు అడిగి ఐదువందలకి ఒప్పుకున్నాడు. దారిలో ఏం పని మీద వచ్చానో కనుక్కున్నాడు.

"కారు కొనడానికా? ఎంతమంది కూకోవచ్చు మేడం?"

"ఇద్దరు."

"డిక్కీ?"

"లేదు."

"ఏసీ?"

"లేదు. అద్దాలూ లేవు, పైకప్పూ లేదు."

అతను అద్దంలోంచి నన్ను ఒకసారి చూశాడు. "మరేటి ఉంది మేడం?"

"బరువు లేకపోవడం ఉంది," అన్నాను.

ఆ మాట మీద ఒక సిగ్నలంత సేపు ఆలోచించాడు. "నా ఆటో కూడా అలగే కదా. ఇదే కొనీండి. ముగ్గురు కూకుంతారు."

నాకు ఒళ్లు మండింది. లెక్క ప్రకారం అతని మాటలో తప్పు లేకపోవడం వల్ల ఇంకా మండింది.

ఉక్కునగరం

ఉక్కునగరంలోకి వెళ్లగానే హారన్లు తగ్గిపోయాయి. చెట్ల మధ్య వరసగా కంపెనీ క్వార్టర్లు, డ్యూటీ దిగి సైకిళ్ల మీద ఇళ్లకి పోయేవాళ్లు. బండి అమ్మే అప్పలరాజు గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ముప్పై నాలుగేళ్లు ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపి, రెండేళ్ల కిందట రిటైరయ్యారు. ఆయన భార్య సత్యవతి గారు ఆస్పత్రిలో నర్సు. క్వార్టరు ఆవిడ పేరు మీద ఉంది, ఆవిడ కూడా ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు. తర్వాత కూర్మన్నపాలెంలో మూడో అంతస్తు ఫ్లాటుకి మారిపోవాలి. అక్కడ వీళ్ల వాటాకి ఒక స్కూటర్ పట్టే చోటే వచ్చింది. అందుకే బండి అమ్మకం.

వాకిట్లో బండి మీద పువ్వుల దుప్పటి కప్పి ఉంది. అప్పలరాజు గారు దాన్ని నెమ్మదిగా లాగారు. చిలకపచ్చ రంగు, నేలకి ఆనుకుని, ముద్దుగా ఉంది. కానీ దాని ముందు లావుపాటి ఉక్కు పైపులతో ఒక గార్డు ఉంది. వెనక ఇంకోటి. రెండు పక్కలా కూడా పైపులే. వెనక సామాను పెట్టుకునే ఇనుప చట్రం.

"ఇవి ఫోటోలో లేవు కదండీ?"

"లేవమ్మా. మీరు బయానా పంపినాక సేసినాను. పది రోజులు పట్టింది." ముఖం వెలిగిపోతోంది. "ఆడకూతురు ఒక్కర్తీ తోలతాది, స్పీడుగా తోలతాది అని తెలిసినాక బండిని బోసిగా పంపీగలనేటి? లారీ గుద్దినా మీకేటీ అవదు."

"ట్రాక్ మీద లారీలుండవండీ."

"ఉండవని మీరంతన్నారు. లారీవోడు అనాల కదా."

బరువు ఎంత పెరిగిందని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశారు. "ఏటి పెరుగుతాదమ్మా? నాను కరిగిన ఉక్కు గంగాళాలు ఎత్తినోడ్ని, ఒక్కోటి నూట ఇరవై టన్నులు. ఇదెంత? అప్పుడూ అర టన్నే, ఇప్పుడూ అర టన్నే."

అన్నేళ్లు టన్నుల్లో బతికిన మనిషికి కిలోలు కనబడవని నాకప్పుడు అర్థమైంది. ప్రకటనలోని అర టన్ను కూడా ఈ లెక్కలోదే.

సత్యవతి గారు భోజనం పెట్టారు. వంజరం చేప పులుసు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర. జొన్నరొట్టె సంగతి చెబితే నవ్వి ఇంకో గరిటె వేశారు. తిన్నాక బాత్రూం దగ్గరున్న బరువు మిషన్ ఎక్కించారు. డెబ్భై మూడు. "కొంచెం తగ్గాల సెల్లీ," అని మందలించి, అంకెని క్యాలెండర్ వెనక రాసుకుని, అరటిపండు చేతిలో పెట్టారు.

గాజువాక కాటా

రెండో రోజు బండిని మినీ లారీ మీద ఎక్కించి కాటాకి తీసుకెళ్లాం. ముందు ఖాళీ లారీని తూచి, తర్వాత సరుకుతో తూచి, మొదటిదాన్ని తీసేస్తే సరుకు బరువు వస్తుంది. ఇక్కడ ఈ సరుకులో నేను కూడా ఉండాలి. అందుకని లారీ మీద ఉన్న కారులో హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాను. ముందొక లారీలో తుప్పు పట్టిన బాయిలర్, వెనకొక లారీలో విరిగిన గేట్లు. బాయిలర్ లారీ డ్రైవర్ దిగొచ్చి నాకు నమస్కారం పెట్టాడు. ఎందుకో నాకు తెలియదు, నేనూ పెట్టాను.

కాటా గదిలో ఉన్నాయన కిటికీలోంచి అడిగాడు: "ఏటి లోడు?"

"కారు," అన్నారు అప్పలరాజు గారు.

"కారు అన్న గడి లేదు. పాత ఇనుము రాయనా?"

అప్పలరాజు గారి ముఖం మాడిపోయింది. వాదించి లాభం లేకపోయింది. చివరికి వచ్చిన చీటీ నా దగ్గర ఇంకా ఉంది. పాత ఇనుము ఒకటి, ఆడమనిషి ఒకటి, మొత్తం ఏడువందల కిలోలు.

వంద కిలోలు ఎక్కువ. గార్డులు కోసెయ్యమన్నాను. ఆయన కుదరదన్నారు. "గార్డు నేని బండి నాను అమ్మనమ్మా. ముప్పై నాలుగేళ్లలో నా క్రేన్ కింద ఒక్కడికి గోరు ఊడనేదు. రేపు మీకేటైనా అయితే ఆ పాపం నాదవదా? బయానా ఎనక్కి ఇచ్చీత్తాను."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. కోపం కూడా వచ్చింది. ఆరు నెలల జొన్నరొట్టెలు ఈయన మంచితనం కింద పడి నలిగిపోతున్నాయి. కాటా పక్కన టీ బడ్డీలో కూర్చుని, క్లాసులో మొండి పిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడాను.

"మీ క్రేన్ కొక్కెం ఎంత ఎత్తేదండీ?"

"నూట ఇరవై టన్నులు."

"దానికి సేఫ్టీ కోసమని ఇంకో పది టన్నుల ఉక్కు అతికిద్దామా?"

"ఎవుడు అతికిత్తాడమ్మా! ఆ పది టన్నులూ ఎత్తీ బరువులోంచి పోవేటి..." అంటూ ఆగిపోయారు. లెక్క వెలిగిన పిల్లల ముఖం నేను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. అదే ముఖం.

"తల వెనకున్న వంపు పైపు మాత్రం ఉంచుదాం. బండి తిరగబడితే కాపాడేది అదే," అన్నాను.

"అది ఉంచుతావా అమ్మా?" అని రెండుసార్లు అడిగి, ఒప్పుకున్నారు.

పాత ఊరు

గార్డులు కోయడానికి మూడో రోజు పాత ఊరికి వెళ్లాం. సన్నటి సందులు, అత్తరు కొట్లు, తాళాల కొట్లు. ఖాదర్ గారి షెడ్డు నిండా పడవ ముక్కలే. ఆయన పని చేపల రేవులో ఫైబర్ పడవలకి మరమ్మతులు చేయడం. ఈ బండికి ఒళ్లు పోసింది ఆయనే. లోపలున్న ఉక్కు చట్రం అప్పలరాజు గారిది, పైనున్న పచ్చ గుల్ల ఖాదర్ గారిది.

"సెప్పినాను కదా బావా, ఉక్కు పిచ్చి ఒద్దని," అంటూ కోత మిషన్ తీశారు ఖాదర్ గారు. నా వైపు తిరిగి, "నా పని మాత్రం పక్కా మేడం. ఈ బండి సముద్రంలో పడ్డా తేల్తాది," అన్నారు. ట్రాక్ మీద సముద్రం ఉండదని చెప్పబోయి, మొదటి రోజు లారీ విషయంలో తగిలిన సమాధానం గుర్తొచ్చి ఊరుకున్నాను.

కోసిన పైపులన్నీ షెడ్డులో పడేసి కాటాకి బయల్దేరాం. దారిలో వాన దంచికొట్టింది. నేను లారీ క్యాబిన్‌లో దూరాను. బండి మీద పట్టా కప్పుదామంటే ఖాదర్ గారు వద్దన్నారు. పడవకి వానేంటని ఆయన ధీమా.

ఈసారి తడిసిపోతానని నన్ను బండిలో ఎక్కించకుండా తూచారు. నేను లేకుండానే ఆరువందల డెబ్భై. ముందురోజు తూకంలోంచి నన్నూ హెల్మెట్‌నీ తీసేస్తే బండి ఆరువందల ఇరవై ఐదే. అంటే గార్డులన్నీ కోసేశాక బండి నలభై ఐదు కిలోలు పెరిగింది. ఆ చీటీ పట్టుకుని వానలో నిలబడి నా జీవితంలో మొదటిసారి తీసివేతని అనుమానించాను. అప్పలరాజు గారు మాత్రం అర టన్ను ఎప్పుడూ అర టన్నే అన్న ముఖంతో చూశారు.

కాటా ఆయన గొడుగేసుకుని వచ్చి, లారీ ఎక్కి, బండిలోకి తొంగిచూశాడు. "సేపలు ఏసీసుకోవచ్చు మేడం," అన్నాడు.

బండి నిండా నీళ్లు. లెక్కేస్తే నూట ముప్పై లీటర్లు. ఒక్క చుక్క కారలేదు. కారు అడుగున నీరు పోవడానికి ఎక్కడో ఒక చిల్లు ఉంటుంది కదా, ఖాదర్ గారు అది పెట్టలేదు. పెట్టమంటే ఆయన ముఖం ఎర్రబడింది.

"అడుగున చిల్లు పెట్టమంతారేటి? నలభై ఏళ్ల పని మేడం నాది. రేవులో తెలిస్తే నా కాడికి ఒక్క పడవ రాదు!"

"ఇది పడవ కాదు బావా," అన్నారు అప్పలరాజు గారు.

"నువ్వు గార్డులు ఎట్టినప్పుడు ఇది లారీ కాదని నాను అన్నానా?"

చివరికి చిల్లుకి బిరడా పెట్టి, బిరడాని గొలుసుతో కట్టే షరతు మీద రాజీ కుదిరింది. చిల్లు అంచుకి పూసింది ఆరడానికి మర్నాటిదాకా ఆగాలన్నారు. నీళ్లు చెంబుతో తోడింది నేనే.

రుషికొండ

సాయంత్రం సత్యవతి గారు డ్యూటీ దిగి వచ్చి, "ఇంతదూరం వచ్చి సముద్రం సూడకుండా ఎల్లిపోతావేటి?" అని నన్ను బస్సులో రుషికొండ తీసుకెళ్లారు. మరమరాలతో కలిపే మురీ మిక్చర్ పొట్లం నలభై రూపాయలు, ఉల్లిపాయ ధారాళంగా వేశాడు. మేమిద్దరం ఇసుకలో కూర్చున్నాం. అలలు బాగున్నాయి. నేను ట్రాక్ గురించి, మలుపుల గురించి చెబుతుంటే ఆవిడ శ్రద్ధగా విన్నారు.

తర్వాత ఆవిడ చెప్పారు. "ఆయనకి షిఫ్టులు. ఓ వారం పొద్దున్న, ఓ వారం సాయంత్రం, ఓ వారం రాత్రి. నాకూ అలగే. ఆయన టీ గ్లాసు పట్టుకునే సరికి బస్సు హారన్ కొట్టీసీవాడు. సగం టీ అక్కడెట్టీసి ఎల్లిపోయీవాడు. ముప్పై నాలుగేళ్లు ఆ సగం గ్లాసులు నానే కడిగినాను సెల్లీ. ఈ బండి కట్టినాకే సాయంత్రం ఐదింటికి ఇద్దరం అందులో కూకుని టీ తాగుతన్నాం. ఎక్కడికీ ఎల్లం. ఎదర గోడే. అయినా బాగుంతాది."

నా నోట్లో మిక్చర్ ఆగిపోయింది. "మరి అమ్మడం దేనికక్కా?" అన్నాను.

"మూడో అంతస్తుకి ఎక్కదు కదా," అని చెంగుతో ఇసుక దులుపుకున్నారు. బస్సులో వస్తున్నంతసేపూ నేను దొంగతనానికి వచ్చినదాన్నేమో అనిపించింది. అయినా బండి కావాలన్న కోరిక తగ్గలేదు. అదీ నా బుద్ధి.

మళ్లీ కాటా

నాలుగో రోజు పొద్దున్న, పొడి బండిలో పొడి హెల్మెట్‌తో కూర్చున్నాను. ఆరువందల పదిహేను. ఇంకా పదిహేను కిలోలు ఎక్కువ. వాటిలో మూడు నావేనని, ఆ మూడూ సత్యవతి గారి పులుసువేనని నాకు తెలుసు. కాటా ఆయన కూడా ఇప్పుడు మా పక్షమే. గదిలోంచి బయటికి వచ్చి బండి చుట్టూ తిరిగి, ఏం తీసెయ్యొచ్చో వెతికాడు.

"సీట్లు," అన్నారు ఖాదర్ గారు.

పెద్ద కారువి ఊడదీసి బిగించిన మెత్తటి సీట్లు అవి, ఒక్కోటి పదమూడు కిలోలు. తోలేవాళ్లకి ఫైబర్‌తో పల్చటి సీటు ఒకటి పోస్తే ఆరు కిలోల్లో అయిపోతుందన్నారు. అచ్చు కోసం టీ బడ్డీలోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ అడిగి తీసుకుని, కాళ్లు కోసేశారు. నన్ను అందులో కూర్చోబెట్టి చుట్టూ సుద్దతో గీతలు గీశారు. బడ్డీవాడికి నూట యాభై నేను ఇచ్చుకున్నాను. ఎండలో ఆ సీటు ఆరేసరికి మధ్యాహ్నం మూడయింది.

అప్పలరాజు గారు పాత సీట్లు రెండూ విప్పి, రోడ్డు పక్కన పక్కపక్కనే పెట్టారు. "ఈ సీట్లు కూడా లారీలో ఏసీమంతారా?" అని అడిగారు. గొంతు మామూలుగానే ఉంది.

"నాకెందుకండీ, ఇరవై ఆరు కిలోలు! అవి మీవే. మూడో అంతస్తుకి ఎక్కుతాయి," అన్నాను.

ఆయన సీటు మీద చెయ్యేసి నిలబడిపోయారు. సాగనంపడానికి హల్వాతో వచ్చిన సత్యవతి గారు నా వైపు చూడలేదు, సీట్ల వైపు చూశారు. ఆవిడ కళ్లు తడయ్యాయి. నావి కూడా. హెల్మెట్ ఉండబట్టి సరిపోయింది.

తూకం ముందు ఆవిడ మాడుగుల హల్వా పెట్టె నా ఒళ్లో పెట్టారు. స్టాఫ్‌రూంలో అందరికీ పంచమని ఐదు కిలోలు. లారీ కాటా ఎక్కింది. కిటికీలోంచి కేక వినబడింది: "ఆరువందలు!"

"హల్వా దించీండి మేడం, ఇంకా తగ్గుతాది!" అని అరిచాడు కాటా ఆయన.

ఆరువందలు మించలేదు కదా. పెట్టె దించలేదు. మిగతా ముగ్గురూ రోడ్డు మీద చప్పట్లు కొట్టారు, వెనక లారీవాళ్లు హారన్లు కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి లారీని విజయవాడకి సాగనంపారు. నేను రైల్లో వచ్చేశాను.

ఇంటికొచ్చాక

వచ్చే నెలలో ట్రాక్. బండి మా అపార్ట్‌మెంట్ కింద ఉంది, నేను మళ్లీ జొన్నరొట్టె మీద ఉన్నాను. మొన్న అప్పలరాజు గారు ఫోటో పంపించారు. మూడో అంతస్తు బాల్కనీ. నేలకి బోల్టులతో బిగించిన రెండు కారు సీట్లు. వాటిలో ఇద్దరూ కూర్చుని ఉన్నారు, చేతుల్లో టీ గ్లాసులు. బాల్కనీ పిట్టగోడకి బయటివైపు నా బండి ముందు గార్డు బిగించి ఉంది. ఇద్దరూ సీటు బెల్టులు పెట్టుకుని ఉన్నారు.

వెంటనే ఫోన్ చేశాను. "మూడో అంతస్తుని ఎవరు గుద్దుతారండీ?"

"ఎవుడూ గుద్దడని మీరంతన్నారు," అన్నారు అప్పలరాజు గారు.

"సరే, మరి బెల్టులు దేనికి?"

ఆయన ఏదో చెప్పబోతుంటే సత్యవతి గారు ఫోన్ లాక్కున్నారు. "నాది ఉత్తినే పెట్టుకున్నాను సెల్లీ. ఆయనది మాత్రం నానే బిగించినాను. టీ అయ్యీదాకా ఇప్పను."